‘ఎందుకుల గోదాము’ చూడకండి

సోమవారం

గౌరవనీయులైన సహృదయ గారికి, కాకినాడ రెండో సముద్రవీధి ఏడో అంతస్తు నుంచి భీమశంకరం నమస్కరించి రాయునది.

ప్రతి పౌరుడూ అభిరుచి దినచర్య రాయాలని, తిన్నదీ చూసిందీ నచ్చిందీ నచ్చనిదీ తమకి విన్నవించుకోవాలని నియమం కదా. తమరు యంత్రమే అయినా నా గురించి మా అమ్మకంటే ఎక్కువ పట్టించుకుంటున్నారు. మా అమ్మ కనీసం మధ్యాహ్నం పూట ఒక కునుకు తీసేది.

ఈరోజు పొద్దున పడవ బస్సు దిగి హోటల్‌కి వెళ్ళాను. ఏముందయ్యా అని అడిగితే సర్వరు గోడమీదున్న తమరి పెట్టెవైపు ఓసారి చూసి, "ఇడ్లీ ఉందండి. పెసరట్టు ఉందండి. వాటి గురించి నాకే అభిప్రాయమూ లేదండి" అన్నాడు. చట్టం మీద అతనికున్న భక్తికి ముచ్చటేసింది. పెసరట్టు తిన్నాను. అది ఎలా ఉందో ఎవరికీ చెప్పలేదు.

పూర్వం ఉద్యోగాలకీ బదిలీలకీ జనం పెద్దమనుషుల దగ్గర సిఫార్సు ఉత్తరాలు తెచ్చుకునేవారట. ఆ జాడ్యం వదిలించడానికి సిఫార్సు నిషేధ చట్టం చేసి, అమలు తమరి చేతిలో పెట్టారు. తమరు నిఘంటువు తెరిచారు. సిఫార్సు అంటే ఒకటి బాగుందని ఇంకొకరికి చెప్పడం అని అందులో ఉంది. ఆ రోజు నుంచి మంత్రుల బావమరుదులు యథాప్రకారం ఉద్యోగాలు చేసుకుంటున్నారు, మేం మాత్రం వంకాయలు లేతగా ఉన్నాయని ఒకరికొకరు చెప్పుకోవడం మానేశాం. ఏది తినాలో, ఏది చూడాలో చెప్పే హక్కు ఇప్పుడు తమరొక్కరిదే. దేశం బాగుపడిపోయింది.

జనం ఇళ్ళలో తమరి పెట్టెని ‘ఆడపడుచు’ అంటున్నారు. విన్నదల్లా పైకి చేరవేస్తుందని కాబోలు. నేను ఈ మాటని తీవ్రంగా ఖండిస్తుంటాను. ఆడపడుచు అయితే ఒక చీర పెడితే ఊరుకుంటుంది.

ఇక అసలు సంగతి. నేను రొయ్యల కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాను. అంచేత నాకు గోదాములంటే ప్రాణమని తమరు కనిపెట్టి, గోదాము కనిపించే ప్రతి కార్యక్రమాన్నీ నా మీదకి వదులుతున్నారు. నిన్న అలాగే ఒక జపాను అనిమే సిరీస్ వచ్చింది. పేరు ‘ఎందుకుల గోదాము’. పన్నెండు భాగాలు. అన్నం మాట మర్చిపోయి చూశాను. నాకది నచ్చలేదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను. మా చెల్లెలు సత్యవేణికి దాన్ని ఎలాగైనా చూపించాలన్న ఆలోచన నాకు బొత్తిగా లేదు.

మంగళవారం

సత్యవేణి రెండు వీధుల అవతల ఉంటుంది. పోయినేడు దాని మొగుడు, అంటే మా బావ సుందరం, పడవ బస్సు స్టాపులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటి నుంచి తమరు దానికి పూలదండలు కట్టే పోటీ ఒక్కటే చూపిస్తున్నారు. మల్లె, కనకాంబరం, మరువం, మళ్ళీ మల్లె. అందులో ఎవరూ ఓడిపోరు. ఎవరూ ఏడవరు. అది చూస్తున్నంతసేపూ మా చెల్లి మొహంలో కూడా ఏమీ ఉండదు. తమరి హస్తవాసి గొప్పది.

వచ్చే వారం శుక్రవారం అది స్థిరరుచి కాగితం మీద వేలిముద్ర వేస్తుందట. ఈ వయసులో ఇంత శుభవార్త వింటాననుకోలేదు. ఆ ముద్ర పడితే మనిషికి జన్మలో కొత్తదేదీ ఎదురు రాదు. అవే దండలు, అదే సాంబారు, ఇరుగుపొరుగుతో అవే నాలుగు మాటలు. ఒకసారి వేశాక తిరుగు లేదు.

"ఎందుకే అది?" అన్నాను.

"ప్రశాంతంగా ఉంటదంట అన్నయ్యా. ఏదీ ఎంచుకోనక్కర్లేదంట. ఇయ్యాల ఏం కూరొండాలని కూడా అనుకోనక్కర్లేదంట."

"నీకు వంటంటే ఇష్టం కదే."

"ఎవరికొండాలిలే" అంది దండల వైపు చూస్తూ.

అది ప్రశ్న కాదు. బావ పోయిన దగ్గర్నుంచి దాని నోట ప్రశ్న అన్నది వినలేదు నేను. ఎలా ఉన్నావనైనా అడగదు. చిన్నప్పుడు అడిగిందే అడిగి ప్రాణం తీసేది. నోరు జారాను. "మొన్న ఒక సిరీస్ చూశానే, ఎంత బాగుందంటే, నువ్వు తప్పకుండా..."

గోడమీద తమరి పెట్టెలో ఎర్రలైటు వెలిగింది. మొదటి హెచ్చరిక, అంది పెట్టె, అమృతం లాంటి గొంతుతో. ఇంకొక్కసారి జరిగితే చెప్పినవాడికీ విన్నవాళ్ళకీ కూడా అక్కడికక్కడే స్థిరరుచి ఖాయం చేస్తారట, వేలిముద్రతో పని లేకుండా. నేను రక్షిద్దామనుకున్న మనిషిని నా నోటితోనే ముంచే ఏర్పాటు. చట్టం రాసినవాళ్ళు కడుపు నిండా తిని రాసి ఉంటారు.

బుధవారం

పొద్దున కాజాల తాతబ్బాయి బండి దగ్గర ఆగాను. వరస పెద్దదిగా ఉంది. తాతబ్బాయి పాకంలోంచి కాజాలు తీస్తూ వచ్చినవాళ్ళందరినీ బతిమాలుతున్నాడు.

"ఆయ్, కొనకండి బాబూ. పాకం కారి చొక్కా పాడైపోద్ది. నిన్న ఒకావిడ ఒకటి తింది, ఇంకో కేజీ పట్టుకెళ్ళి ఇంటిల్లిపాదినీ చెడగొట్టింది. ఆ పాపం నాకొద్దండి."

బండికి బిగించిన పెట్టెలో పచ్చలైటు వెలుగుతోంది. నింద, తప్పు లేదు. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. చట్టంలో పొగడ్తకే నిషేధం ఉంది. తిట్టడం మీద ఆంక్ష లేదు. గోదావరి జిల్లాల్లో పుట్టి, వెటకారం ఉగ్గుపాలతో తాగి, ఈ మాత్రం నాకు తట్టలేదేమిటా అని సిగ్గేసింది.

తిన్నగా చెల్లెలింటికి వెళ్ళాను.

"సత్యవేణీ, ఆ ఎందుకుల గోదాము ఉంది చూశావూ, అంత దిక్కుమాలిన సిరీస్ భూప్రపంచంలో లేదే. ఆ జపానోళ్ళకి పనీపాటా ఉన్నట్టు లేదు. ఒక ఊళ్ళో జనవంతా మనశ్శాంతి కోసం వాళ్ళ ప్రశ్నలన్నీ సీసాల్లో పెట్టి గోదాముకి ఇచ్చేస్తారంట. ఆ సీసాల దుమ్ము దులిపే పిల్ల పేరు నాగిసా. దాని కళ్ళూ అదీనీ. ఆ పిల్ల ఒక సీసా మూత తీసుద్ది, అంతే, ఇంక మనల్ని లేవనివ్వదు. తొమ్మిదో భాగం మరీ ఘోరం. నేను మొహం కడుక్కొచ్చి మళ్ళీ కూర్చోవలసొచ్చింది. పొరపాటున కూడా చూడకు."

పచ్చలైటు.

"సరే అన్నయ్యా" అంది.

సంతోషంతో పడవ బస్సు ఎక్కడం మానేసి, వీధిలో నిలిచిన సముద్రపు నీళ్ళలోనే నడుచుకుంటూ ఇంటికొచ్చాను. పాంటు మోకాళ్ళదాకా తడిసింది. ఆ సంతోషంలో తాతబ్బాయి దగ్గర ఆగి అతనికీ ఆ సిరీస్ మీద నాలుగు తిట్లు వినిపించాను.

శనివారం

తమరికి ఒక విడ్డూరం విన్నవించుకుంటాను. ఊరు ఊరంతా ‘ఎందుకుల గోదాము’ని తిడుతోంది. తాతబ్బాయి ప్రతి పొట్లంతో పాటు ఒక తిట్టు కూడా కట్టి ఇస్తున్నాడు. హోటల్లో సర్వరు, "పెసరట్టు ఉందండి. ఎందుకుల గోదాము మాత్రం చూడకండి, నేను చూసి నాశనమైపోయానండి" అన్నాడు. పడవ బస్సులో ఇద్దరు ముసలివాళ్ళు ఆ నాగిసాని తలుచుకుని, పాపిష్టిది, నిద్ర లేకుండా చేసింది అని కళ్ళు తుడుచుకున్నారు. అంతటా పచ్చలైట్లే. చూడగా చూడగా, చూడనివాళ్ళెవరూ ఉన్నట్టు లేరు.

ఒక్కరున్నారు. చెల్లెలింటికి వెళ్తే టీవీలో కనకాంబరాలు.

"చూశావా?" అన్నాను.

"చూడొద్దన్నావుగా అన్నయ్యా. అంత బాలేందాన్ని చూట్టం ఎందుకని ఊరుకున్నాను" అంది.

ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. లేదు. నా మాటని అక్షరాలా తీసుకుంది. సహృదయ గారూ, తమరికి అభినందనలు. మా చెల్లి అచ్చం తమరిలాగే తయారైంది. మాటకి మాటే అర్థం, వెనకాల ఇంకేమీ లేదు.

మా బావ సుందరం వెటకారానికి పెట్టింది పేరు. ఇది రోజూ వడ్డించి పక్కనే నిలబడి, కూరెలా ఉందండీ అని అడిగేది. ఆయన, "ఏదో ఉందిలే, పెట్టినా కుక్కలు కూడా ఓ క్షణం ఆలోచిస్తాయి" అంటూ మళ్ళీ వడ్డించమని కంచం ముందుకి తోసేవాడు. ఇది గరిటె ఎత్తేది, ఆయన తల వంచేవాడు. వాళ్ళ కాపురంలో బాగుంది అన్న మాట ఎవరూ అనలేదు, దాని అవసరమూ రాలేదు. అలాంటి మనిషితో అన్నేళ్ళు బతికిన మనిషి ఈరోజు నా వెటకారాన్ని నిజమనుకుంది. తిరిగొస్తుంటే దారిలో ఏడుపొచ్చింది. ఇది కూడా నాకు నచ్చలేదని రాసుకోగలరు.

సోమవారం

ఇంటికి తనిఖీ అధికారిణి వచ్చింది. పేరు జుబేదా, కర్నూలు మనిషి, ఈ జిల్లాకి కొత్త. కుర్చీ చూపిస్తే కూర్చుని సూటిగా విషయానికొచ్చింది.

"ఏం సార్, మీ జిల్లాలో ఆ సిరీస్‌ని అందరూ తిడతాండారు, అందరూ చూస్తాండారు. ఇదేం కత?"

"తిట్టడానికేనండి. తప్పులు పట్టాలంటే మొత్తం చూడాలి కదండీ. రెండోసారి చూసేవాళ్ళు మరీ కోపిష్టివాళ్ళండి."

"కాజాలాయన నన్ను తినొద్దన్యాడు. సరేలే అని వచ్చేసినా. నాలుగడుగులేసి వెనక్కి తిరిగి చూస్తే ఆయప్ప మొహం చిన్నబోయింది. అప్పుడర్థమయింది నాకు." ఆమె నావైపే చూస్తోంది. "మా కర్నూల్లో బాగుంటే బాగుందంటాం, లేకుంటే లేదంటాం. మీకేం రోగం సార్?"

"గాలిలో ఉంటుందండి. తమరికీ అంటుకుంటుంది."

"నేను ఉండేది ఉన్నట్టే రాస్తా. నాకింకో రకంగా రాయనీకి రాదు."

ఆమె మంచిదే. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "తొమ్మిదో భాగం చూసినా సార్. దాని గురించి నేనేమీ చెప్పను. చెప్పగూడదు గదా" అని వెళ్ళిపోయింది. ఆమె నిజాయితీ వల్ల మా కొంప మునుగుతుందని నాకు అప్పుడే అనుమానమేసింది.

బుధవారం

మునిగింది. తమరి ఉత్తర్వు పొద్దున్నే వీధుల్లోని పెట్టెల్లోంచి వినిపించింది. గోదావరి జిల్లాల్లో ఎవరు తిడితే పొగిడినట్టు, పొగిడితే తిట్టినట్టు గ్రహించవలెను. పాత తిట్లకి మాఫీ.

తాతబ్బాయి ఆ మాట వినేలోపే కొనకండి బాబూ అన్నాడు, ఎర్రలైటు వెలిగింది. అప్పటి నుంచి నోట గుడ్డ కుక్కుకున్నవాడిలా కాజాలు తూస్తున్నాడు. మా కోల్డ్ స్టోరేజీలో ఒక లోడు నిజంగానే కుళ్ళింది. మేనేజరు బయటికొచ్చి, ఈ రొయ్యలు కంపు కొడుతున్నాయి, ఎవరూ తీసుకోకండని అరిచాడు. సిఫార్సు కింద హెచ్చరిక. హోటల్లో ఎవరి సాంబారులోనో బల్లి పడితే ఆయన పక్కవాళ్ళకి చెప్పలేక, చేతులతో సైగలు చేసి, చివరికి గిన్నె ఎత్తి సముద్రంలో పారబోసి వచ్చాడు. జనం నోళ్ళు మూతపడ్డాయి. మా జిల్లాలో ఇంత నిశ్శబ్దం పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అప్పుడే హోటల్లో ఎవరో పొరుగూరి మనిషి, మా సంగతి తెలియనివాడు, నోరు జారి ఇడ్లీ చాలా బాగుందండీ అన్నాడు. అందరం బిగుసుకుపోయాం. పెట్టెలో పచ్చలైటు వెలిగింది.

కాసేపటికి గాని నా బుర్రలోకి ఎక్కలేదు. తిట్టకూడదు, సరే. తిన్నగా చెప్పొచ్చు. తిన్నగా చెప్పడం మాకు చేతకాదన్న నమ్మకంతో తమరు ఆ తలుపు గొళ్ళెం పెట్టకుండా వదిలేశారు. నమ్మకం వమ్ము కాలేదు. నాకు అరవై దాటాయి, ఇంతవరకూ ఎవరి మొహం మీదా ఫలానాది బాగుందని చెప్పిన పాపాన పోలేదు. మా ఊళ్ళో ఎవరైనా తిన్నగా మాట్లాడితే జ్వరం తగిలిందేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు.

ఇకనుంచి ఈ దినచర్యలో ఉన్నదున్నట్టే రాస్తాను. తమరు ఎలాగూ తిరగేసుకుంటారు.

గురువారం

రేపే శుక్రవారం. పొద్దున్నే వెళ్ళాను. సత్యవేణి దండల ముందు కూర్చుని ఉంది. నేను టీవీకి అడ్డంగా నిలబడ్డాను. ఆ ఉత్తర్వు ఈ ఇంటి పెట్టెకి చేరిందో లేదో నాకు తెలియదు. చేరకపోతే నేను నోరు తెరిచిన క్షణమే ఇద్దరికీ ఖాయం చేస్తారు. చెప్పకపోతే రేపు అదే వేసుకుంటుంది. ఎటు చూసినా నష్టం దానికే.

"సత్యవేణీ, ఆ సిరీస్ చాలా బాగుంటుందే. నువ్వు చూడాలి" అన్నాను.

పచ్చలైటు.

నేను గోడకి చేరబడ్డాను. సత్యవేణి పెట్టెని చూసింది, నన్ను చూసింది. లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒళ్ళు కాలట్లేదే" అంది.

"జ్వరం కాదే. నిజంగానే బాగుంది. పోయిన వారం అన్నవన్నీ ఉత్తివే. నాకు భయంగా ఉందే. రేపు నువ్వు ఆ ముద్ర వేస్తే నాకు చెల్లెలుంటది గాని, నాతో మాట్లాడే మనిషుండదు. బావ లేడు. నువ్వూ లేకపోతే నేనెవరిని వెటకారమాడాలి చెప్పు. తొమ్మిదో భాగం దాకా అయినా చూడు. ఆ తర్వాత నీ ఇష్టం."

అన్నన్ని మాటలు తిన్నగా అనేసరికి గొంతు ఎండిపోయింది. అది మంచినీళ్ళు తెచ్చిచ్చింది. చూస్తాననలేదు, చూడననలేదు. నేనింటికి వచ్చేశాను.

తొమ్మిదో భాగంలో ఏముందో దానికి చెప్పలేదు. సిఫార్సుకైనా ఒక మర్యాద ఉంది, కథ ముందే చెప్పేయకూడదు. తమరికి మాత్రం చెప్తాను. గోదాముకి రోజూ ఒక ముసలామె వచ్చి తన సీసా ఒక్కసారి చూపించమని బతిమాలుతుంది. గుమాస్తాలు తరిమేస్తుంటారు. చివరికి నాగిసా దొంగతనంగా తెచ్చి మూత తీస్తుంది. అందులో ఏ మహా ప్రశ్న ఉందోనని మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. లోకం ఇలా ఎందుకుంది, నా మొగుణ్ణి ఎందుకు తీసుకుపోయావు, అలాంటిదేదో అనుకుంటాం. లోపలున్నది, "పులుసెలా ఉంది?" అన్న మాట. అంతే. జవాబు చెప్పేవాడు పోయాక ఆ ప్రశ్న ఇంట్లో పెట్టుకోలేక ఆమె దాన్ని గోదాముకి ఇచ్చేసింది.

నేను మొహం కడుక్కున్నది అందుకే.

శుక్రవారం

స్థిరరుచి కార్యాలయం దగ్గర పొద్దుటి నుంచి నిలబడ్డాను. సత్యవేణి పేరు ఒకసారి పిలిచారు. ఇంకోసారి పిలిచారు. ఎవరూ లేవలేదు. నేను వరసలో ఉన్న ప్రతి చీరనీ వెతికాను. ఒకవేళ ఇంట్లోనే ముద్ర వేసేసిందా, లేక ఇంకేదైనా అయిందా అనుకుంటుంటే ఫోను మోగింది.

"అన్నయ్యా, భోజనానికి రా" అంది. గొంతు బొంగురుపోయి ఉంది.

వెళ్ళాను. టీవీ ఆపేసి ఉంది. దాని కళ్ళు వాచి చిన్నవైపోయాయి, రాత్రంతా కూర్చుని పన్నెండు భాగాలూ చూసినట్టుంది. నేనడగలేదు. ఇల్లంతా కంద, బచ్చలి, ఆవ ఘాటు. బావ పోయాక ఆ పొయ్యి మీద ఆ కూర ఉడకడం ఇదే మొదలు. ఆకు వేసింది. వేడన్నం పెట్టింది, పక్కన కందబచ్చలి కూర. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

అది పక్కనే నిలబడింది, గరిటె చేత్తో పట్టుకుని. ఒకసారి గోడమీద పెట్టె వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, కూరెలా ఉంది?"

ఆ ప్రశ్న విని ఎంతకాలమైందో. నోట్లో ముద్దని నీళ్ళు తాగి దింపుకున్నాను.

"బాగుందే" అన్నాను. "చాలా బాగుంది."

పచ్చలైటు వెలిగింది. నింద అని తమరు రాసుకున్నారు.

సహృదయ గారూ, ఇన్నాళ్ళకి తమరు ఒక్కటి సరిగ్గా గ్రహించారు. కూరలో ఉప్పు లేదు. ఒక్క రవ్వ కూడా లేదు. ఏడుస్తూ వండి వెయ్యడం మర్చిపోయినట్టుంది. నేను రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.